అంచులు రావడం లేదు

అక్టోబర్ 28, మంగళవారం

మళ్లీ తప్పు పోయింది.

బేగంబజార్ గిన్నెల వ్యాపారి ఇంటి పెళ్లి కార్డు. ఎడమ చివర పెళ్లికూతురి నాయనమ్మ పేరు కోత గీత దాటి బయటికి జరిగిపోయింది. కట్టింగ్ మిషన్ దాని పని అది చేసింది. ఐదు వందల కార్డుల్లో నాయనమ్మ లేదు. ఆయన కట్ట తెచ్చి కౌంటర్ మీద పెట్టి సిరాజ్ భాయ్‌తో, "మా అమ్మ ఇంక బతికే ఉన్నది సేఠ్" అన్నాడు. దానికన్నా నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

నెలలో ఇది రెండోది. ఛత్తాబజార్‌లో సిరాజుద్దీన్ గారి కార్డుల దుకాణంలో తెలుగు కంపోజింగ్‌కు కూర్చుని పందొమ్మిదేళ్లయింది. అన్నేళ్లలో నా చేతి మీదుగా పోయిన తప్పులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇప్పుడు నెలకు రెండు.

సిరాజ్ భాయ్ నన్ను కోప్పడలేదు. "నీ లాప్‌టాప్ చిన్నదైపోయింది స్వరూపా. మూడు మడతల కార్డు అండ్ల ఎట్ల పడ్తది? నువ్వు ఇటు జరుపుతవ్, అటు జరుపుతవ్, నడుమల ఏదో ఒకటి జారిపోతది" అన్నాడు.

ఈ మాట ఆయన అన్నాడు, నేను అనలేదు. కానీ అదే నిజం. పదకొండేళ్ల లాప్‌టాప్, పదిహేను అంగుళాల తెర. అంచుల్లో ఏముందో ఈ మధ్య తెలియడమే లేదు. మౌస్ బాణం గుర్తు మాటిమాటికీ మాయమవుతోంది. కొత్తది కొనుక్కోమని అందరూ ఉచిత సలహాలు ఇస్తారు. నా పాత ఫాంట్లు, నా పాత కీబోర్డు కొత్త మిషన్ల మీద పలకవు. నా పది వేళ్లకు తెలిసిన తెలుగంతా ఆ ఒక్క లాప్‌టాప్‌లోనే ఉంది. అది పోతే నేను మళ్లీ ఒకటో తరగతి.

సిరాజ్ భాయ్ కాగితం రీముల వెనక నుంచి ఒక మానిటర్ బయటికి తీయించాడు. మాదాపూర్‌లో ఆయన బావమరిది ఆఫీసు మూసేసినప్పుడు వచ్చిందట. ముప్పై నాలుగు అంగుళాలు, ఎత్తు తక్కువ, వెడల్పు రెండింతలు. "నీ లాప్‌టాప్ దీన్ని లాగుతదా చూసుకో. లాగితే నీదే. మా ఉమ్మే హానీ కార్డు దీని మీదనే చెయ్యి" అన్నాడు. ఉమ్మే హానీ ఆయన చిన్న కూతురు. డిసెంబర్ పద్నాలుగున పెళ్లి.

నేను బయల్దేరుతుంటే గొంతు తగ్గించి, "ఇంకోటి తప్పు పోతే తెలుగు పని బయటికియ్యాల్సొస్తది బిడ్డా. గిరాకీ ఊకోరు" అన్నాడు.

లాగాలి. లాప్‌టాప్ దీన్ని లాగి తీరాలి.

అక్టోబర్ 29, బుధవారం

ఆటోలో మానిటర్ ఒళ్లో పెట్టుకుని శాలిబండ చేరేసరికి నా మోకాళ్లు పోయాయి. అమ్మ చూసి, "ఇదేంది బిడ్డా, కొత్త దర్వాజ పెట్టిస్తున్నవా?" అంది.

హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ పెట్టాను. బొమ్మ వచ్చింది. వచ్చింది కానీ అక్షరాలన్నీ అడ్డంగా సాగిపోయాయి. 'శుభలేఖ' పీకలదాకా తిని కూర్చున్న మనిషిలా ఉంది. లాప్‌టాప్ మామూలు తెరకు పంపే బొమ్మనే పంపుతోంది, మానిటర్ దాన్ని తన వెడల్పుకు లాగుతోంది. ఇంటర్నెట్‌లో సగం మంది పాత లాప్‌టాప్ వల్ల కాదంటారు, సగం మంది అవుతుందంటారు. అందరూ ధీమాగానే చెబుతారు.

లేస్తుంటే స్టూలు మోకాలికి కొట్టుకుంది. దాన్ని రోజుకో చోట పెడుతుంది అమ్మ.

అక్టోబర్ 31, శుక్రవారం

జుమ్మా కాబట్టి దుకాణం సగం రోజే. ఇంటికొచ్చి దాని ముందే కూర్చున్నాను. కొత్త డ్రైవర్ వేశాక పూర్తి వెడల్పు వచ్చింది. అక్షరాలు సన్నబడ్డాయి. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఉర్దూ మడత, తెలుగు మడత, ఇంగ్లీషు మడత, మూడూ పక్కపక్కన.

రెండు లోపాలు. బాణం గుర్తు బెల్లం పాకంలో ఈదుతున్నట్టు కదులుతోంది. హెచ్‌డీఎమ్‌ఐ పాతది కాబట్టి సెకనుకు ముప్పై సార్లే బొమ్మ మారుతుందట. దానికి అలవాటు పడతాను.

రెండోది, అంచులు రావడం లేదు. మధ్యలో తెలుగు మడత చూస్తూ కూర్చుంటే రెండు పక్కలా ఏమీ ఉండదు. అటు చూస్తే ఉంటుంది. మళ్లీ మధ్యకు వస్తే పోతుంది. నాకు అర్థమైంది ఏమిటంటే, పని జరుగుతున్న చోటికి మాత్రమే లాప్‌టాప్ బొమ్మ పంపుతోంది, మిగతాది ఆపేస్తోంది. ముసలి మిషన్. శక్తి చాలక పొదుపు చేస్తోంది పాపం.

నవంబర్ 1, శనివారం

ఇంకా రావడం లేదు.

నవంబర్ 2, ఆదివారం

అమ్మతో గొడవైంది. వంటింట్లో కొత్త బల్బు పెట్టించింది, పెళ్లి పందిరిలా వెలుగు. ఎందుకంటే చెప్పదు. "మంచిగ కనవడ్తది" అంటుంది.

బాపు బల్బుల సంగతి గుర్తొచ్చింది. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో తూకం పని చేసేవాడు. ఒక ఏడాది ఇంటికి రాగానే, "ఏం బల్బులివి, ఓల్టేజీ లేదు" అనేవాడు. నేనే పోయి తెచ్చేదాన్ని. అరవై పెట్టాం, వంద పెట్టాం, తర్వాత ట్యూబులైటు, దాని పక్కన ఇంకోటి. కరెంటోళ్లను తిట్టాడు, బల్బుల కంపెనీని తిట్టాడు. తర్వాత తరాజు ముల్లు కనబడక మార్కెట్‌లో పని పోయింది. అప్పుడు దవాఖానకు తీసుకుపోతే నీటికాసులు, గ్లకోమా అన్నారు, ఆలస్యమైందన్నారు. మిగిలిన ఎనిమిదేళ్లు గోడ పట్టుకునే నడిచాడు.

బాపుది వేరే సంగతి. ఆయనది జబ్బు. నాది లాప్‌టాప్.

బల్బు పీకేసి పాతదే పెట్టాను.

నవంబర్ 3, సోమవారం

ఉమ్మే హానీ కార్డు మేటర్ ఇచ్చారు. ఉర్దూ ఇక్బాలున్నీసా ఆపా చేస్తుంది, తెలుగు నేను. ఇద్దరి టేబుళ్లూ పక్కపక్కనే, నేను చేరిన రోజు నుంచీ. కార్డు మీద తెలుగెందుకని ఎవరో అడిగితే సిరాజ్ భాయ్, "నా దోస్తులు సగం మంది తెలుగోళ్లు, వాళ్లు ఎవరిని పెట్టుకొని చదివించుకోవాలె?" అన్నాడు.

కార్డు కింద ఎడమ పక్కన 'చష్మ్ బరాహ్' అని ఒక జాబితా ఉంటుంది. దారి మీద కళ్లు పెట్టుకుని మీ కోసం ఎదురుచూసేవాళ్లు అని. ఇంట్లోవాళ్ల పేర్లు, పిల్లల పేర్లు వేస్తారు. పెళ్లి రోజు వాళ్లు గేటు దగ్గర నిలబడి అందరినీ లోపలికి పిలవాలి. ఆ జాబితాలో ఉన్నవాళ్లకు కార్డు ఇవ్వరు. ఇంటివాళ్లకు ఇంటి కార్డేమిటి? ఒకసారి ఎవరో అల్లుడికి పొరపాటున కార్డు పంపితే ఆరు నెలలు మాట్లాడలేదని ఆపా చెప్పి నవ్వించింది.

సిరాజ్ భాయ్‌తో ఒక్క విషయంలో పేచీ పడ్డాను. తెలుగు అక్షరాలు బంగారు రంగులో వేస్తానంటాడు. మెరుపులో గుణింతాలు కనపడవు, వద్దన్నాను. చూద్దాం అన్నాడు.

ఆపా, "మిలాన్ చేద్దామా?" అంది. ఒకరు పైకి చదవడం, ఇంకొకరు వేలు పెట్టి ప్రూఫులో సరిచూడడం. వెనకట రోజూ చేసేవాళ్లం. ఈ మధ్య నేనే మానేశాను. ఆపా మరీ గబగబా చదువుతోంది, నా వేలు అందుకోవడం లేదు. "నాకు కండ్లున్నయి గద ఆపా" అన్నాను.

నవంబర్ 6, గురువారం

ప్రూఫు సిరాజ్ భాయ్ దగ్గర రెండు రోజులుండి తిరిగి వచ్చింది. తనే తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. వెళ్లకుండా అక్కడే నిలబడ్డాడు. ఆపా కూడా పని ఆపి నా వైపు చూస్తోంది. పరీక్ష పెట్టినట్టే ఉంది.

మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఒక్క దిద్దుబాటు లేదు. 'ఓకే, దిద్దుబాట్లు లేవు' అని రాసి సంతకం పెట్టాను.

"మొత్తం చూసినవా?" అన్నాడు.

"చూసిన భాయ్. అంత మంచిగనే ఉన్నది."

పెన్ను జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా, "నీకు ఇష్టం లేదంటే జబర్దస్తీ ఏం లేదమ్మా" అన్నాడు.

బంగారు రంగు సంగతి మళ్లీ ఎత్తాడు. ఈసారి గట్టిగా చెప్పాలనుకున్నాను. "నాకిష్టం లేదు భాయ్. సోమవారమే చెప్పిన గద. గట్ల పెడితే అస్సలు మంచిగుండది" అన్నాను.

ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. ఆపా ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. చాయ్ కూడా తన ఒక్కదానికే తెప్పించుకుంది. రంగు గురించి ఇంత అలకా?

ప్రూఫు మడిచి లాప్‌టాప్ సంచీలో పెట్టుకున్నాను. తప్పు లేకుండా చేసిన పని, దాచుకోవాలి.

నవంబర్ 8, శనివారం

కార్డులు అచ్చయి వచ్చాయి. బంగారు రంగులోనే. నన్ను అడగడం దేనికి, తన ఇష్టమే చేసుకోవడం దేనికి?

నవంబర్ 10, సోమవారం

దీన్ని రాయాలని లేదు.

ఇంకో కార్డులో ఫోన్ నంబర్ చివరి రెండు అంకెలు కోతలో పోయాయి. కుడి అంచు.

నవంబర్ 11, మంగళవారం

సిరాజ్ భాయ్ నన్ను కూర్చోమన్నాడు. ఆ మాటతోనే తెలిసిపోయింది, ఆ దుకాణంలో ఎవరూ ఎవరినీ కూర్చోమనరు.

"కొన్ని రోజులు రెస్ట్ తీసుకో బిడ్డా."

"లాప్‌టాప్ ఠీక్ చేయిస్త భాయ్. అంచులు వస్తలేవు, గంతే. ఒక్క వారం టైమియ్యి."

"తీసుకో. ఫికర్ చెయ్యకు." కానీ తెలుగు మేటర్ల ఫైలు అప్పటికే ఆయన టేబుల్ మీద లేదు. బయట ఇచ్చేశాడు.

లేచి వస్తుంటే సొరుగులోంచి ఒక కవరు తీసి రెండు చేతులతో ఇచ్చాడు. మీద నా పేరు, అమ్మ పేరు. ఉమ్మే హానీ పెళ్లి కార్డు. "అమ్మను తోల్కొని తప్పకుండ రావాలె" అన్నాడు, గిరాకీతో మాట్లాడినట్టు.

పందొమ్మిదేళ్లు. ఆ పిల్లకు బిస్మిల్లా చెప్పించి మొదటి అక్షరం దిద్దించిన నాడు నేను పక్కనే ఉన్నాను. నా టేబుల్ కింద కూర్చుని పాడైన కార్డుల మీద బొమ్మలు వేసుకునేది. నాకు కవరులో పెట్టి కార్డు ఇచ్చాడు. ఆ జాబితాలో నా పేరు ఉండాలని నేను అడిగానా? అడగలేదు. నేను వాళ్లింటి మనిషిని కాదని నాకు తెలియదా? కానీ కార్డు ఇవ్వకుండా, రేపు పెళ్లికి రా అని నోటితో చెప్పి ఉంటే ఏం పోయేది?

మెట్లు దిగుతుంటే గుమ్మం పక్కన పెట్టిన రీము తగిలి పడ్డాను. అందరి ముందూ. ఎవడు పెట్టాడో అక్కడ. ఆపా పరుగెత్తుకొచ్చి లేపింది. చేయి విదిలించుకుని వచ్చేశాను.

లాప్‌టాప్ బాగుపడాలి. ఇంకేమీ వద్దు నాకు. అది బాగైతే అన్నీ అవే వస్తాయి.

నవంబర్ 12, బుధవారం

పొద్దున్నే లాప్‌టాప్, మానిటర్ రెండూ ఆటోలో వేసుకుని మాహిరా దగ్గరికి పోయాను. శాలిబండ గడియారం దగ్గర వాళ్ల నాన్న రేడియోలు బాగు చేసిన దుకాణంలోనే ఆ పిల్ల లాప్‌టాప్‌లు బాగు చేస్తుంది. ముప్పై లోపే ఉంటుంది. నసీబు, జాతకం అనకుండా మిషన్ ఏం చెబుతుందో అదే చెబుతుందని పేరు.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాహిరా లాప్‌టాప్‌ను తిప్పి చూసి, "ఇగో అక్కా, హెచ్‌డీఎమ్‌ఐ పక్కన ఇంకో చిన్న పోర్ట్ ఉన్నది. ఎవ్వరు వాడరు దీన్ని. దీనికి తాకత్ ఎక్కువ" అంది. వేరే కేబుల్ పెట్టింది. బాణం గుర్తు పాకంలోంచి బయటపడి చేపపిల్లలా పరుగెత్తింది. "సెకనుకు అరవై. ఫుల్ వెడల్పు. చాన మంచి మిషన్ ఇది, పారేయకు."

"అంచులు?" అన్నాను.

"వస్తున్నయి గద."

"వస్తలేవు. నడుమల చూస్తుంటే పక్కలు బంద్ చేస్తున్నది. అటు చూస్తే ఇస్తది. నేను ఎటు చూస్తే అటే ఇస్తున్నది."

మాహిరా స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. "నువ్వు ఎటు చూస్తున్నవో లాప్‌టాప్‌కు ఎట్ల తెలుస్తది అక్కా?"

పదిహేను రోజులుగా ఆ ప్రశ్న నాకు రాలేదా? వచ్చింది. వచ్చిన ప్రతిసారీ లేచి వెళ్లి నీళ్లు తాగాను.

ఆ పిల్ల వాదించలేదు. తెరంతా నల్లగా చేసి, మధ్యలో ఒక ప్లస్ గుర్తు, దాని పక్కన చిన్న తెల్ల డబ్బా పెట్టింది. "ప్లస్‌నే చూడు. కండ్లు కదిలించకు. నేను డబ్బను పక్కకు జరుపుత. ఏడ కట్ అయితే ఆడ చెప్పు. సిగ్నల్ పోతున్న జాగ దొర్కుతది" అంది.

డబ్బా ఎడమకు జరిగింది. కొంచెమే జరిగింది. "ఆగు. పోయింది" అన్నాను. అక్కడ తెర కింది పట్టీ మీద ఒక చీటీ అంటించింది. కుడికి జరిపింది. "పోయింది." ఇంకో చీటీ.

తర్వాత నన్ను కీ నొక్కమని తను నా కుర్చీలో కూర్చుంది. నేను పక్కన నిలబడి డబ్బానే చూస్తూ నొక్కాను. అది ఎడమ చివరిదాకా పోయింది. కుడి చివరిదాకా పోయింది. ఎక్కడా మాయం కాలేదు, మాహిరా ఆగమనలేదు.

"నీ మిషన్ పెట్టి చూడు. నాదే ఖరాబైంది" అన్నాను.

తన కొత్త లాప్‌టాప్ తగిలించింది. మళ్లీ ప్లస్, మళ్లీ డబ్బా. నేను చీటీలను చూడకుండా చెప్పాను. అదే చోట పోయింది. రెండు పక్కలా అదే చోట.

రెండు చీటీల మధ్య నా చెయ్యి పెట్టి కొలిచాను. జానెడు. అంత పొడుగు తెర మీద జానెడు.

మాహిరా చాలాసేపు కేబుల్ చుడుతూనే ఉంది. చివరికి, "అక్కా, మీ ఇంట్ల ఎవరికన్న కండ్ల బీమారి ఉండెనా?" అంది.

లేదని చెప్పాను. బాపు గుర్తొస్తూనే ఉన్నా లేదని చెప్పాను.

"నాకు చీటీ రాసియ్యి. లాప్‌టాప్‌కు ఏమైందో రాసియ్యి, దుకాణంల చూపియ్యాలె" అన్నాను. అది నా చేతిలో ఉంటే చాలనిపించింది. తను తలొంచుకుని రాసిచ్చింది. సంచీలో పెట్టుకున్నాను, చదవలేదు.

నవంబర్ 13, గురువారం

వెళ్లను. ఎక్కడికీ వెళ్లను.

నవంబర్ 13, మళ్లీ

కళ్లు మూసి తెరిస్తే అంతా మామూలుగానే ఉంది. నల్లగా ఎక్కడా లేదు. లేనిది లేనట్టు కూడా కనిపించకపోతే నాకెలా తెలుస్తుంది? అమ్మ ముఖం మీద చూపు నిలిపి, ఆమె చేతుల్లో ఏముందో చెప్పడానికి ప్రయత్నించాను. చేతులు లేవు. కిందికి చూస్తే ఉన్నాయి. వెల్లుల్లి వలుస్తోంది.

నాకు భయంగా ఉంది. నలభై మూడేళ్లు. నాకు వచ్చింది ఒక్క పని, అది కళ్లతో చేసేది.

నవంబర్ 14, శుక్రవారం

అమ్మకు చెప్పాను. చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

"నాకెర్కనే బిడ్డా" అంది. "మూడు నెల్లాయె. నువ్వు చెంబు తన్నుకుంట పోతున్నవ్. స్టూలు, బకీటు, చెప్పులు అన్ని నీ తొవ్వల కెళ్లి జరుపుతనే ఉన్న. బాపుకు గిట్లనే జరిపిన."

స్టూలు రోజుకో చోట ఎందుకుందో ఇప్పుడు తెలిసింది.

"మరి చెప్పలేదెందుకే?" అని అరిచాను. ముసలిదాని మీద అరిచాను.

"చెప్తె బుగులు పడ్తవని. మీ బాపుకు గట్లనే చెప్పకపోతి. జరుపుకుంట కూసున్న. అండ్లనే పోయినయి ఆయన కండ్లు. మల్ల గదే చేసిన. నాకు బుద్ధి లేదు." చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నేను కూడా ఏడ్చాను. ఇద్దరిలో ఎవరు ఎవరిని ఓదార్చాలో తెలియలేదు.

నవంబర్ 17, సోమవారం

కంటి దవాఖాన. అమ్మ నా ఎడమ చేయి పట్టుకునే ఉంది, చిన్నప్పుడు బడికి తీసుకుపోయినట్టు.

ఒక డబ్బాలో గడ్డం ఆనించి, మధ్యలో చుక్కను చూడమన్నారు. పక్కల్లో వెలుగు కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. మాహిరా ఆడించిన ఆటే. ఈసారి గెలవాలని మోసం చేయబోయాను, కనిపించకపోయినా రెండుసార్లు నొక్కాను. "అమ్మా, అందాజుగ నొక్కకండి" అన్నాడు అక్కడి మనిషి. అమ్మ బయట కూర్చుని ఉంది కాబట్టి వినలేదు.

చేతికిచ్చిన కాగితం మీద నా చూపు అచ్చువేసి ఉంది. చుట్టూ నలుపు, మధ్యలో కొంచెం తెలుపు. ఇంత నల్ల ఇంకు వృథా చేసి ఎవరూ డిజైన్ చేయరు.

డాక్టరమ్మ దాచలేదు. నీటికాసులు. పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని నిలుపుకోవచ్చు, రోజూ చుక్కలు వేసుకోవాలి, ఒక్క రోజు కూడా మానకూడదు, మూడు నెలలకోసారి రావాలి. "ఇంకో ఏడాది ఆగి వస్తే నేను చెప్పడానికి ఏమీ ఉండేది కాదు" అంది. చదవాలంటే తల తిప్పుతూ, అంచు నుంచి అంచుకు వెతుక్కుంటూ చదవడం నేర్చుకోవాలట. మిగిలిన చూపును కళ్లు వాటంతట అవే వాడుకోలేవు, మనమే తీసుకెళ్లాలట.

పని చేసుకోవచ్చా అని అడిగాను. మధ్యలో చూపు బాగానే ఉంది, చేసుకోండి, కానీ ఒంటరిగా సరిచూడకండి అంది.

నవంబర్ 18, మంగళవారం

తల తిప్పి చదవడం ప్రాక్టీసు చేద్దామని సంచీలో కాగితాలన్నీ బయటికి తీశాను.

ముందు మాహిరా చీటీ. 'లాప్‌టాప్ ఓకే. మానిటర్ ఓకే. కేబుల్ ఓకే. ఫుల్ వెడల్పు వస్తోంది.' మూడు వారాలుగా ఈ నాలుగు ముక్కల కోసమే కదా తిరిగాను.

తర్వాత ఉమ్మే హానీ ప్రూఫు. కుడి అంచు నుంచి మొదలుపెట్టి, తల కొంచెం కొంచెం తిప్పుతూ ఎడమకు వచ్చాను. ఎదురుచూసేవాళ్ల జాబితా. మాజ్, అమాన్, తక్కిన పిల్లలు. అది నేను కంపోజ్ చేసిందే, నాకు కంఠతా వచ్చు. ఇంకా ఎడమకు తిప్పాను.

మార్జిన్‌లో ఆకుపచ్చ ఇంకు. సిరాజ్ భాయ్ పెన్ను. జాబితా చివరికి ఒక బాణం గీసి ఉంది. బాణం మొదట్లో, తెలుగు రాయడం రాని మనిషి కష్టపడి దిద్దిన పెద్ద పెద్ద అక్షరాలు. 'స్వరూప'. కింద ఇంకా చిన్నగా, 'పెట్టాల్నా?'

దాని పక్కన, జానెడు దూరంలో, నా సంతకం. ఓకే, దిద్దుబాట్లు లేవు.

నీకు ఇష్టం లేదంటే జబర్దస్తీ లేదమ్మా అన్నాడు. నేనేమన్నాను? నాకిష్టం లేదు, గట్ల పెడితే అస్సలు మంచిగుండది అన్నాను. ఆయన ముఖం మీద అన్నాను. రెండు రోజులు దగ్గర పెట్టుకుని ఆ ఐదారు అక్షరాలు రాసుకొచ్చిన మనిషితో.

ఇంక రాయలేను.

నవంబర్ 19, బుధవారం

పొద్దున్నే చుక్కలు వేసుకుని ఛత్తాబజార్ పోయాను. దుకాణం మెట్లు తల వంచి, అటూ ఇటూ చూసుకుంటూ ఎక్కాను. దారిలో ఎక్కడా రీము లేదు. నేను పడ్డ రోజే తీయించారట.

ప్రూఫు, మాహిరా చీటీ, దవాఖాన కాగితం మూడూ సిరాజ్ భాయ్ ముందు పెట్టాను. వచ్చేటప్పుడు మాటలన్నీ వరుసగా అనుకుని వచ్చాను, ఒక్కటీ గుర్తు రాలేదు.

"నేను ఆ రోజు బంగారు రంగు వద్దన్న భాయ్. పేరు వద్దనలే. నాకు కనవడలే."

ఆయనకు అర్థం కాలేదు. కళ్లద్దాలు పెట్టుకుని చీటీ చదివాడు. "లాప్‌టాప్ మంచిగనే ఉన్నదని రాసింది గద?"

"హౌ భాయ్. లాప్‌టాప్ మంచిగనే ఉన్నది."

దవాఖాన కాగితం ఆపా అందుకుంది. నల్లగా ఉన్నదాన్ని, మధ్యలో తెల్లటి చుక్కను చూసింది. ప్రూఫు మార్జిన్ చూసింది. నా ముఖం చూసింది. పదమూడు రోజులుగా నాతో మాట్లాడని మనిషి లేచి వచ్చి, నా తలను తన పొట్టకు ఆనించుకుని, "యా అల్లా, నేను చాయ్ కూడ ఇయ్యకపోతి" అని ఏడ్చింది. దుకాణంలో గిరాకీ ఉన్నారు. ఉండనీ.

సిరాజ్ భాయ్ చాలాసేపు ప్రూఫు మీద వేలు పెట్టి కూర్చున్నాడు. కార్డులన్నీ పంచేశారు. ఇప్పుడు వేయడానికి ఏమీ లేదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"కార్డు తెచ్చినవా?" అన్నాడు.

"ఏ కార్డు?"

"నీకిచ్చిన కార్డు."

సంచీలోంచి తీసి ఇచ్చాను. కవరు మీద నా పేరును, అమ్మ పేరును బొటనవేలితో ఒకసారి తుడిచాడు. సొరుగు తెరిచి అందులో వేసి మూశాడు.

"పొరపాటున ఇచ్చిన" అన్నాడు. నేను బల్ల మీద తల పెట్టుకున్నాను. ఎంతసేపో తెలియదు.

తెలుగు ఫైలు ఇంకా తిరిగి రాలేదు. వస్తుందని కూడా ఆయన చెప్పలేదు. ఆపా మాత్రం మానిటర్ తీసుకొచ్చి దుకాణంలోనే పెట్టమంది. ఇక మీద ప్రతి కార్డూ మిలాన్ చేయాలట. తను పైకి చదువుతుంది, నేను వేలు పెట్టుకుని, తల తిప్పుకుంటూ రావాలి. "గబగబ చదవను. నువ్వు ఆగుమంటె ఆగుత" అంది.

డిసెంబర్ పద్నాలుగున, పెళ్లి రోజు, ఆడవాళ్ల గేటు దగ్గర నన్ను నిలబెడుతున్నారు. ఆపా నాకు ఎడమ పక్కన నిలబడుతుందట. అటు నుంచి ఎవరొస్తున్నారో ముందే నా చెవిలో పేరు చెబుతుందట.